‘గారు’ బదిలీ

ఇవాళ రాత్రి ఓ చిన్న పని చెయ్యండి. ఏదో ఒక తెలుగు వార్తా చానెల్ పెట్టి కళ్ళు మూసుకోండి. బొమ్మ అక్కర్లేదు. క్రియాపదాలు మాత్రం వినండి. ఫలానా నాయకుడు ‘అన్నారా’, ‘అన్నాడా’? ‘స్పష్టం చేశారా’, ‘బుకాయించారా’? ‘కంటతడి పెట్టారా’, ‘కొత్త డ్రామాకు తెరతీశారా’? అయిదు నిమిషాలు చాలు. చానెల్ ఎవరిదో, ఆ యజమానికి ఎవరి మీద కడుపుమంటో, ఎవరి దగ్గర బిల్లులు రావాల్సి ఉన్నాయో తేలిపోతుంది.

తెలుగులో ‘గారు’ అనేది గొప్ప సౌకర్యం. తగిలించొచ్చు, ఊడబీకొచ్చు. ప్రభుత్వం మారినప్పుడు కలెక్టర్ల బదిలీకి కనీసం ఓ జీవో వస్తుంది. ‘గారు’ బదిలీకి అదీ ఉండదు. 2019 మే 23న ఆంధ్రప్రదేశ్‌లో, 2023 డిసెంబరు 3న తెలంగాణలో, 2024 జూన్ 4న మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లో ఈ సామూహిక బదిలీలు జరిగాయి. 151 సీట్లున్న పార్టీకి 11 మిగిలాయని ఎన్నికల సంఘం లెక్క చెప్పింది. పోయిన 140తో పాటు ఎన్ని ‘గారు’లు గల్లంతయ్యాయో ఎవరు చెప్పాలి?

నేనూ ఒకప్పుడు ఓ చానెల్ డెస్కులో స్క్రోలు రాసినవాణ్ణే. పేరెందుకు లెండి. ఓట్ల లెక్కింపు రోజు. ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలయ్యాయి. తొమ్మిదిన్నరకి మా అవుట్‌పుట్ ఎడిటర్ ఏసీ గదిలో చెమటలు తుడుచుకుంటున్నాడు. మేం అయిదేళ్ళుగా ‘డు’ అంటూ వచ్చిన మనిషి గెలిచేస్తున్నాడు మరి. పదింటికి పై అంతస్తు నుంచి ఫోనొచ్చింది. విన్నాడు. పెట్టేశాడు. మా వైపు తిరిగి ఒకే ఒక్క ముక్క అన్నాడు.

“డులు తీసెయ్యండి.”

ఒక్కో స్క్రోలూ తెరిచి దిద్దే తీరిక ఎవరికుంది? ఒక తెలివైన సబ్ ఎడిటర్ ‘ాడు’ అని ఉన్నచోటల్లా ‘ారు’ పెట్టెయ్యమని కంప్యూటర్‌కి చెప్పేశాడు. యంత్రానికి రాజకీయం తెలియదు కదా, నిజాయతీగా పని చేసింది. ఆ మధ్యాహ్నం మా తెర అడుగున కాబోయే ముఖ్యమంత్రి ‘మాట్లారుతూ’ ప్రజాస్వామ్యాన్ని ‘కాపారుకుంటాం’ అన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గొలుసు దొంగ ఒకాయన ఓ ఇల్లాలి మెళ్ళో నగ తెంపుకుని సగౌరవంగా ‘పరారయ్యారు’. సాయంత్రం దాకా ఎవరూ గమనించలేదు. గమనించినవాళ్ళు దొంగ కూడా గెలిచిన పార్టీవాడేమో అనుకుని ఊరుకున్నారు.

ఇదండీ సంపాదకీయ నిర్ణయమంటే! మీరేమనుకున్నారు? అద్దాల గదిలో అయిదుగురు పెద్దమనుషులు కూర్చుని, ఏది వార్త, ఏది కాదు, ఏది నిజం, ఏది నిర్ధారణ కావాలి అని తలలు బద్దలు కొట్టుకుంటారనా? పాపం.

ప్రోమో మాత్రం చూడాలి. ఆర్నెల్లకోసారి ‘సరికొత్తగా మీ ముందుకు’ వస్తారు. కొత్త లోగో, కొత్త సెట్టు. యాంకరమ్మ వెనక హెలికాప్టర్ దిగుతుంది, పక్కన సునామీ లేస్తుంది, నేల మీద అసెంబ్లీ భవనం మొలుస్తుంది. నిజం, నిర్భయం, నిష్పక్షపాతం అనే మూడు మాటలూ మూడు ఉరుముల్తో వచ్చి తెరకి గుద్దుకుంటాయి. అన్నీ మారాయని చెబుతారు. అసలు మారిందేదో అది మాత్రం చెప్పరు.

2018లో టీవీ9 చేతులు మారి అలందా మీడియా పరమైంది. కొన్నవాళ్ళ వెనక ఉన్నవి నిర్మాణాలు, కాంట్రాక్టుల్లో తలపండిన సంస్థలు. మరుసటేడాది మే నెలలో ఆ చానెల్‌కి ముఖమూ గొంతూ అయిన రవిప్రకాశ్‌ని పదవిలోంచి తప్పించారు. మర్నాడు బులెటిన్ మామూలే. చానెల్ రంగు అదే, సంగీతం అదే. మీ ఇంటి పాలవాడు మారితే కూడా ‘అమ్మా, రేపట్నుంచి మా బావమరిది వస్తాడు’ అని చెప్పి వెళతాడు. రోజూ నాలుగు గంటలు మీ నడింట్లో కూర్చునే చానెల్ యజమాని మారితే మీకెవరైనా చెప్పారా?

ఇక పదవులు. టీవీ5 అధినేత బి.ఆర్.నాయుడు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి చైర్మన్ అయ్యారు (చూశారా, నేనూ ‘అయ్యారు’ అనేశాను). సాక్షిలో ఎడిటోరియల్ డైరెక్టరుగా ఉన్న సజ్జల రామకృష్ణారెడ్డి 2019 తరవాత ప్రభుత్వ సలహాదారయ్యారు. సాక్షి టీవీలో పొద్దున్నే చర్చలు నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావుకి మీడియా అకాడమీ చైర్మన్ పదవి దక్కింది. వీ6 యజమాని వివేక్ వెంకటస్వామి 2019లో కమలం పట్టుకున్నారు, 2023 నవంబరులో మళ్ళీ హస్తం అందుకున్నారు, 2025 జూన్‌లో మంత్రయ్యారు. టీ న్యూస్ సంగతి చెప్పేదేముంది, గులాబీ ఇంటి బిడ్డ. ఎవరికి ఎవరు తీసిపోయారు?

నేరమా? అబ్బే, ఎంతమాట! పత్రికాధిపతులు రాజకీయాల్లోకి రావడం, రాజకీయ నాయకులు పత్రికలు పెట్టడం మనకి కొత్త కాదు. నేను అడిగేది చిన్న కోరిక. సిగరెట్ పెట్టె మీద కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మ వెయ్యమని చట్టం చేశారే. సినిమాలో హీరో గ్లాసెత్తితే కింద హెచ్చరిక వెయ్యాల్సిందేనే. అలాగే ముఖ్యమంత్రి మీద కథనం వచ్చేటప్పుడు తెర మూల ‘ఈ చానెల్ యజమాని ప్రస్తుతం ఫలానా పార్టీలో ఉన్నారు, ఫలానా పదవిలో ఉన్నారు, ఫలానా కాలువ తవ్వుతున్నారు’ అని ఓ ముక్క వేస్తే ఏం పోయింది? చోటు లేదంటారా? బంగారం ధర, అల్లం టీ ప్రకటన, వాట్సాప్ నంబరు, ఎవరో ఎమ్మెల్యే పుట్టినరోజు శుభాకాంక్షలు... వీటన్నిటికీ చోటుంది కదండీ!

మీరు టీవీ కట్టేసేలోపు ఒక మనిషి గురించి చెప్పాలి. స్ట్రింగర్. మండల కేంద్రంలో ఉంటాడు. మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో చానెల్ లోగో తగిలించిన మైకు, బండి మీద ‘ప్రెస్’. ఆ లోగో కోసం ఎదురు డబ్బు కట్టినవాళ్ళు నాకు తెలుసు. నెల జీతం మీద బతికేవాణ్ణి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది, పత్రికల వాళ్ళ కోసం. మన దేశానికి టీవీ వచ్చిందే 1959లో. 2011లో నోటిఫై అయిన మజీఠియా వేతన సిఫార్సులు కూడా పత్రికలకీ వార్తా సంస్థలకే. ఇరవై ఏళ్ళుగా రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఎవడి హక్కు గురించైనా అరిచే చానెళ్ళు సొంత విలేకరి జీతం దగ్గరికొచ్చేసరికి గప్‌చుప్. బ్రేక్ తీసుకుంటాయి.

ఆ స్ట్రింగర్లలో ఒకడు ఓ రాత్రి ఫోన్ చేశాడు. ఇన్‌పుట్ డెస్కు పక్కసీట్లో ఉన్నాను. స్పీకర్ ఆన్‌లో ఉంది.

“అన్నా, ఇక్కడ సంక్షేమ హాస్టల్లో ముప్పై మంది పిల్లలకి వాంతులు. ఆస్పత్రికి తెచ్చారు. మంచానికి ఇద్దరిని పడుకోబెట్టారన్నా.”

“విజువల్స్ ఉన్నాయా తమ్ముడూ?”

“ఉన్నాయన్నా. పంపిస్తున్నా.”

“ఏడుస్తున్నారా?”

“నీరసంగా ఉన్నారన్నా. ఏడవడానికి ఓపిక లేదు.”

“తల్లిదండ్రులు?”

“వాళ్ళవి పక్క తండాలన్నా. ఇంకా రాలేదు.”

“మరి బైట్ ఎవరిస్తారు? సర్లే... అది మంత్రిగారి నియోజకవర్గం కదూ?”

“అవునన్నా.”

ఇక్కడ కొంచెంసేపు మౌనం. తరవాత మా వాడి గొంతు మారింది. మెత్తబడింది.

“స్క్రోలేద్దాంలే. అన్నట్టు వచ్చే వారం మంత్రిగారి బర్త్‌డే. నీ యాడ్ టార్గెట్ ఏమైంది తమ్ముడూ? పక్క మండలం వాడు అప్పుడే రెండు తెచ్చాడు.”

ఆ రాత్రి అరగంట ఎపిసోడ్ దేని మీద నడిచిందో అడగరేం? ఒక సినిమా జంట విడాకుల మీద. వాళ్ళ పెంపుడు కుక్క ఎవరి దగ్గర ఉంటుందన్న అంశం మీద నిపుణుల అభిప్రాయం కూడా తీసుకున్నాం.

అన్యాయంగా మాట్లాడుతున్నానా? కాస్త రికార్డు తిరగేద్దాం. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి చనిపోయారు. నాలుగు నెలలకి, 2010 జనవరిలో, ఎక్కడో విదేశీ వెబ్ పత్రికలో ఎవరో రిలయన్స్ వైపు వేలు చూపిస్తూ ఊహించి రాసిన కుట్ర కథ ఒకటి మన చానెల్ ఒకదాని కంటపడింది. నిర్ధారణా? అదెక్కడ అమ్ముతారు? ఒకరు మొదలుపెట్టారు, ఇంకొందరు అందుకున్నారు. ఆ రాత్రే రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాల అద్దాలు పగిలాయి. చానెల్ వాళ్ళు అరెస్టయ్యారు. ఒక్క ఫోన్ కాల్‌తో పోయేదాన్ని రాళ్ళదాకా తెచ్చారు. గుణపాఠం నేర్చుకున్నారా? ఓ, నేర్చుకున్నారు. అప్పట్నుంచి కథనం చివర ఓ ప్రశ్నార్థకం పెడుతున్నారు. ‘కుట్ర జరిగిందా?’ అంటే అబద్ధం కాదు కదా. ప్రశ్న!

2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో నటి శ్రీదేవి పోయారు. బాత్‌టబ్‌లో ప్రమాదవశాత్తూ మునిగి చనిపోయారని అక్కడి అధికారులు తేల్చి ఫైలు మూశారు. మనవాళ్ళు మూస్తారా? ఒక తెలుగు విలేకరి మైకు పుచ్చుకుని సాక్షాత్తూ ఓ స్నానపు తొట్టెలో పడుకుని చూపించాడు. ఎలా మునిగి ఉండొచ్చో చెప్పడానికట. నవ్వొస్తోందా? నాకు ఆ విలేకరి మీద కోపం లేదు. ‘వెళ్ళి పడుకో’ అన్నవాడు ఎక్కడున్నాడు? వాడు తెర మీదకి రాడు. వాడి మొహం మీకు తెలీదు. వాడికి ఆ తరవాత ప్రమోషన్ కూడా వచ్చి ఉంటుంది.

2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఓ తల్లి చనిపోయింది. కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. 13న ఆ కేసులో హీరో అల్లు అర్జున్‌ని అరెస్టు చేశారు. ఆయన ఇంట్లోంచి బయటికొచ్చేటప్పుడు ఏ చొక్కా వేసుకున్నదీ, దాని మీద ఏం రాసున్నదీ, కాఫీ తాగిందీ లేనిదీ మనకి కంఠస్థం. జైలు గేటు దగ్గర రాత్రంతా కెమెరాలు కాపలా కాశాయి. మంచిదే, అదీ వార్తే. కానీ ఆ థియేటర్‌కి ఎన్ని తలుపులు, ఎన్ని తెరిచారు, బందోబస్తు ఎవరి బాధ్యత అని ఆ కెమెరాల్లో ఒక్కదాన్ని అరగంట అటు తిప్పి ఉంటే? చొక్కా కనిపించేది కాదేమో పాపం.

ఎందుకు తిప్పరు? రేటింగ్ అంటారు. ప్రజలు అదే చూస్తున్నారండీ అంటారు. ఏ ప్రజలు? దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్ళలో రేటింగ్ సంస్థ బార్క్ పెట్టిన మీటర్లు చెప్పే లెక్క అది. మీ వీధిలో ఆ మీటరున్న ఇల్లు మీరెప్పుడైనా చూశారా? ఆ లెక్కల్ని తారుమారు చేశారన్న ఆరోపణ మీద 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు కేసు పెడితే, వార్తా చానెళ్ళ రేటింగులే నిలిపేశారు. 2022 మార్చి దాకా మళ్ళీ రాలేదు. అంటే దాదాపు ఏడాదిన్నర ‘ప్రజలు అదే చూస్తున్నారు’ అనడానికి కాగితం ముక్క లేదు. అప్పుడైనా అరుపులు తగ్గాయా? బాత్‌టబ్‌లు ఎండాయా? ఇక సెట్‌టాప్ బాక్స్ ఆన్ చెయ్యగానే మీరడగని చానెల్ మొదట ప్రత్యక్షమవుతుందే, అది దేవుడి దయ కాదు. కేబుల్ వాళ్ళకి డబ్బు కట్టి కొనుక్కున్న గుమ్మం. మీరు రిమోట్ వెతుక్కునే ఆ కాసేపూ మీరు వాళ్ళ అభిమాన ప్రేక్షకులే.

అడిగే నాథుడు లేడా? ఉన్నాడు. వార్తా ప్రసారకులు తమకి తామే ఏర్పాటు చేసుకున్న సంఘం ఒకటుంది. సభ్యులైతేనే దాని మాట వర్తిస్తుంది. చేరడం, చేరకపోవడం మన ఇష్టం. 2023లో గరిష్ఠ జరిమానా ఎంత ఉండేదో తెలుసా? అక్షరాలా లక్ష రూపాయలు. ఈ లక్ష ఏ మూలకని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టుకే అనుమానమొచ్చింది. దొంగలే ఊరి పెద్దలై తీర్పు చెబితే గొలుసు తెంపినవాడికి గుంజీళ్ళు కూడా ఉండవు.

ఇదంతా ఒక ఎత్తు. ఏలినవారి చికాకు ఇంకో ఎత్తు. చానెల్ తప్పు చేస్తే చట్టం ఉంది, కోర్టు ఉంది. అదంతా ఆలస్యం. కేబుల్ తీగ దగ్గర. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి తెరల మీంచి మాయమయ్యాయి. శాసనసభ్యుల్ని వెక్కిరించిందని టీవీ9 మీద కోపం. ప్రభుత్వానికి సంబంధం లేదన్నారు, ఆపరేటర్లే మనసు నొచ్చుకుని ఆపేశారట. పదేళ్ళ తరవాత, 2024 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ఫలితాలు రాగానే సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ మాయం. ప్రభుత్వానికి సంబంధం లేదన్నారు. ఢిల్లీ హైకోర్టు చెబితే గానీ తీగలు మళ్ళీ అతుక్కోలేదు. కేబుల్ ఆపరేటర్లకి ఎప్పుడూ కొత్త ప్రభుత్వం వచ్చిన కొత్తలోనే మనసు నొచ్చుకోవడం గమనించారా? ఎంత సున్నితమైన జీవులో!

మధ్యలో 2021 మేలో ఏబీఎన్, టీవీ5ల మీద ఏకంగా రాజద్రోహం కేసు పెట్టారు. సుప్రీంకోర్టు అడ్డుపడింది. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో ఓ అతిథి అన్న పాడుమాటకి యాంకర్ కొమ్మినేనిని అరెస్టు చేశారు. మళ్ళీ సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. అదే నెలలో హైదరాబాద్‌లో మహా న్యూస్ ఆఫీసు మీద పడి అద్దాలు, కార్లు పగలగొట్టారు. ప్రతిసారీ సగం చానెళ్ళకి అది ప్రజాస్వామ్యం మీద దాడి. మిగతా సగానికి ప్రజాగ్రహం. ప్రభుత్వం మారగానే ఆ రెండు మాటలూ కుర్చీలు మార్చుకుంటాయి. ఎవరి తీగ తెగినప్పుడు వాళ్ళకే పత్రికాస్వేచ్ఛ గుర్తొస్తుంది. పక్కవాడి తీగ తెగినప్పుడు ‘సాంకేతిక లోపం’.

ఇంతకీ ఈ వైభోగం మధ్య కొత్త మార్పు ఇంకోటి వచ్చింది. 2023 జులైలో బిగ్ టీవీ ‘మాయ’ అనే కృత్రిమ మేధ యాంకర్ని దించింది. తడబడకుండా చదివింది. డెస్కుల్లో చాలామంది కంగారుపడ్డారు. నాకైతే నవ్వొచ్చింది. పైనుంచి ఏది వస్తే అది చదవడం, ఎందుకని అడక్కపోవడం, జీతం బకాయి ఉందని గొణక్కపోవడం... ఇవన్నీ మనవాళ్ళు ఆవిడకన్నా ముందే నేర్చుకున్నారు. మాయమ్మ చేసిన కొత్త పనేముంది?

ఆ హాస్టల్ పిల్లల సంగతి మధ్యలో వదిలేశాను కదూ. మేమూ వదిలేశాం. తెల్లవారుజామున రెండింటికి ‘హాస్టల్లో పలువురు విద్యార్థులకు స్వల్ప అస్వస్థత’ అని స్క్రోలు రాసింది నేనే. ‘స్వల్ప’ అన్నది నా సొంత కవిత్వం. ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాకూ అలవాటైపోయింది. బంగారం ధరకీ శాస్త్రిగారి వాస్తు ఫోన్ నంబరుకీ మధ్య అది రెండుసార్లు తిరిగింది.

మర్నాడు పదకొండింటికి మంత్రిగారు ఆస్పత్రికి వెళ్ళి పిల్లలకి ఆపిల్ పళ్ళిచ్చారు. మాకు హఠాత్తుగా వార్త కనబడింది. లైవ్. ఎర్ర అక్షరాలు. ‘మా చానెల్ కథనానికి స్పందించిన మంత్రి’. రాత్రి తెర అడుగున పాకిన ఆ ఒక్క వాక్యానికి ప్రభుత్వం కదిలిపోయిందన్నమాట. వార్డెన్ని సస్పెండ్ చేశారు. బియ్యం, పప్పు సరఫరా చేసిన కాంట్రాక్టరు ఎవరన్నది స్ట్రింగర్ కనుక్కుని పంపాడు. అది రన్‌డౌన్‌లోకి ఎక్కలేదు. అరగంట ప్రత్యేక కథనం మాత్రం వేశాం. ఆపిల్ పళ్ళని నాలుగు యాంగిల్స్‌లో, స్లో మోషన్‌లో, వయొలిన్‌తో.

సాయంత్రం ఇన్‌పుట్ డెస్కు ఫోను మోగింది. మళ్ళీ అతనే.

“అన్నా, చూశా. పొద్దున్నుంచి మోతెక్కించారు.”

“మరి! మనమంటే ఏమనుకున్నావ్ తమ్ముడూ. సరేగానీ, మంత్రిగారి బర్త్‌డే యాడ్ చెక్కు తీసుకున్నావా?”

“లేదన్నా. ఇప్పుడే పీఏ దగ్గర్నుంచి వస్తున్నా. ‘మీ టీవీలో పొద్దున్నుంచి ఊరికే వస్తోంది కదయ్యా, మళ్ళీ యాడ్ ఎందుకూ?’ అంటున్నాడు.”